మేనరికం, వేరే సంఘం అబ్బాయి, ఫంక్షన్ హాల్లో పెళ్ళి: ఫాదర్ గారు ఎందుకు కుదరదన్నారు, ఎలా కుదురుతుంది

అమ్మా, మీరు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. మీది గుంటూరులో తరతరాల ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) కుటుంబం. అమ్మాయికి మీ సొంత అన్నయ్య కొడుకునే ఖాయం చేసుకున్నారు. అన్నయ్యగారి కుటుంబం ఎప్పుడో విజయవాడ వెళ్ళి అక్కడ ఒక స్వతంత్ర ప్రార్థన మందిరంలో కలిసిపోయింది. అబ్బాయికి పసితనంలో మన చర్చిలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయిందో లేదో ఎవరికీ గట్టిగా గుర్తులేదు. పద్దెనిమిదో ఏట మాత్రం కృష్ణలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. పెళ్ళి 2027 మార్చి 5, శుక్రవారం. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టేశారు. స్టేజీ మీద ఫాదర్ గారూ పాస్టర్ గారూ ఇద్దరూ కలిసి పెళ్ళి జరిపించాలని అటువైపు వాళ్ళ కోరిక. మీ విచారణ (పారిష్) గురువులు విని "ఇలా కుదరదమ్మా" అన్నారు. మీకు బాధ కలిగింది.

ఫాదర్ గారు కాదన్నది సంబంధాన్ని కాదు, మీరు తెచ్చిన వరసని. మీరు హాలు దగ్గర మొదలుపెట్టి చర్చి దగ్గరకు వచ్చారు. శ్రీసభ, అంటే కథోలిక సంఘం, లెక్కలో పెళ్ళి అంటే ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకునే సమ్మతి. దాన్ని ఏ అధికారం ఉన్నవాళ్ళూ వాళ్ళ బదులు ఇవ్వలేరు, ఫాదర్ గారు కూడా ఇవ్వలేరు. జ్ఞానవివాహం అనే సంస్కారాన్ని (సాక్రమెంటును) ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ పేరున ఆ సమ్మతిని అడిగి, విని, స్వీకరిస్తారు. కాబట్టి ఆ ఇద్దరూ సమ్మతి ఇవ్వడానికి స్వతంత్రులా, మధ్యలో ఆటంకం ఏదైనా ఉందా అన్నది తేలాకే మిగతావన్నీ. మీ విషయంలో తేలవలసినవి మూడున్నాయి: రక్తసంబంధం, అబ్బాయి జ్ఞానస్నానం, పెళ్ళి జరిగే తీరు. తేదీ నాలుగోది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మేనరికంతో మొదలుపెడతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చాలామంది దీన్ని అసలు ఆటంకమే అనుకోరు. 1983 శ్రీసభ చట్టంలో 1091వ కానన్ (నిబంధన) ప్రకారం పక్క వరసలో నాలుగో అంతరం దాకా, నాలుగోదాన్ని కూడా కలుపుకుని, పెళ్ళి చెల్లదు. అంతరం లెక్కపెట్టడం తేలిక. ఒక కాగితం మీద అందరికీ ఉమ్మడి పెద్దలను, అంటే మీ అమ్మానాన్నలను పైన రాయండి. వాళ్ళ కింద ఎడమవైపు మీరు, మీ కింద మీ అమ్మాయి. కుడివైపు మీ అన్నయ్య, ఆయన కింద అబ్బాయి. పైన ఉన్న పెద్దలను వదిలేసి మిగిలినవాళ్ళను లెక్కపెట్టండి: అమ్మాయి, మీరు, అన్నయ్య, అబ్బాయి. నలుగురు. నాలుగో అంతరం. ఆటంకం ఉంది. అదే అమ్మాయిని సొంత మేనమామకు ఇస్తే ముగ్గురే వస్తారు, మూడో అంతరం, ఇంకా దగ్గర. మీ పిల్లల పిల్లలకూ అన్నయ్యగారి పిల్లల పిల్లలకూ మధ్య అయితే ఆరుగురు అవుతారు, అక్కడ ఏ ఆటంకమూ లేదు.

ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి, పెద్దవాళ్ళు "మాది రెండో తరమేగా, మా పెళ్ళికి కూడా ఫాదర్ గారు కాగితం తెప్పించారు" అంటారు. వాళ్ళు చెప్పేది 1917 నాటి పాత చట్టం లెక్క. అప్పట్లో ఒక వైపు మాత్రమే లెక్కపెట్టేవాళ్ళు, మేనత్త మేనమామ పిల్లలు రెండో అంతరంగా వచ్చేవాళ్ళు. బంధుత్వం అదే, అంకె మారింది. అర్జీలో పాత అంకె రాస్తే మేత్రాసన (డయోసిస్) కార్యాలయం నుంచి కాగితం వెనక్కి వస్తుంది. రెండోది, మన తెలుగువాళ్ళకు మేనత్త కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. ఒకరిని చేసుకోవచ్చు, ఇంకొకరిని తలవకూడదు. శ్రీసభ చట్టానికి ఈ తేడా లేదు. ఇద్దరూ నాలుగో అంతరమే. అందుకే "వరసైనవాడేగా, అడ్డేముంది" అన్న మాట ఫాదర్ గారి దగ్గర నిలబడదు.

ఈ ఆటంకం దేవుని ధర్మం నుంచి వచ్చినది కాదు, శ్రీసభ పెట్టుకున్న నియమం. అందుకని మేత్రాణులు (బిషప్ గారు) మినహాయింపు ఇవ్వగలరు. తల్లీకొడుకుల మధ్య, అన్నాచెల్లెళ్ళ మధ్య అయితే ఎవరూ ఎప్పటికీ ఇవ్వలేరు. అయితే మినహాయింపు అడగ్గానే రాలే పండు కాదు, న్యాయమైన కారణం చూపాలి. "ఆస్తి బయటికి పోకూడదు" అన్నది కారణంగా రాయకండి. ఈ నియమం వెనక ఆలోచన సరిగ్గా దానికి ఎదురుగా ఉంటుంది. పునీత అగస్తీనువారు ఎప్పుడో చెప్పారు: ఇప్పటికే ప్రేమించుకోవలసిన బంధువుల మధ్యే మళ్ళీ పెళ్ళి జరిగితే బంధుత్వం అక్కడికక్కడే తిరుగుతుంది, బయటివాళ్ళతో జరిగితే ప్రేమ వ్యాపిస్తుంది అని. పిల్లలిద్దరూ నిజంగా ఒకరినొకరు కోరుకున్నారా, రెండు కుటుంబాల మధ్య ఏళ్ళుగా ఉన్న ఎడం తగ్గుతుందా, అబ్బాయి విశ్వాసానికి దగ్గరవుతాడా, ఇలాంటివి ఉంటే ఉన్నవి ఉన్నట్టు రాయండి. అర్జీ పెట్టకముందే ఇద్దరినీ ఒకసారి జన్యుపరమైన సలహా ఇచ్చే డాక్టరు దగ్గరకు పంపండి. మీ ఇంట్లో తలసీమియా, పుట్టుచెవుడు లాంటివి ఉన్నాయా అని వాళ్ళు వంశవృక్షం గీసి అడుగుతారు. పెళ్ళయ్యాక తెలిసేకంటే ముందు తెలిస్తే పిల్లలు ఆలోచించుకుంటారు.

ఇది చర్చి కాగితం మాత్రమే అనుకోవద్దు. కథోలికుల పెళ్ళిలో నిషిద్ధ బంధుత్వాన్ని తేల్చేది శ్రీసభ చట్టమేననీ, సరైన మినహాయింపు ఉంటే ఆ పెళ్ళి చెల్లుతుందనీ 1972లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పోనీ ఇదంతా ఎందుకు, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేయిద్దాం అంటారా? ఆ చట్టం చివర ఉన్న నిషిద్ధ బంధుత్వాల పట్టికలో మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు కూడా ఉన్నారు. దగ్గర దారి అనుకున్నది మీకు ఎక్కువ చుట్టు అవుతుంది.

ఇప్పుడు అబ్బాయి జ్ఞానస్నానం. మీ సమస్యకు అసలు ముడి ఇక్కడుంది. అబ్బాయి పుట్టిన ఏడు మీ అన్నయ్యగారు ఏ ఊళ్ళో ఉన్నారో ఆ విచారణకు వెళ్ళి జ్ఞానస్నానాల రిజిస్టరు చూడమనండి. పుట్టిన తేదీ పక్కన వెతికి లేదని వచ్చేయకండి. మన ఊళ్ళలో చాలామంది పసిపిల్లలకు క్రీస్తు జయంతికో, ఈస్టరుకో, ఊరి పండుగకో ఇప్పించేవాళ్ళు, అంటే పుట్టిన ఆరేడు నెలలకు కూడా నమోదై ఉండవచ్చు. పిల్లవాడి పేరుతో కాదు, తండ్రి పేరుతో వెతకండి. స్కూల్లో చేర్చినప్పుడు పెట్టిన పేరు ఒకటి, రిజిస్టరులో పునీతుడి పేరు ఇంకొకటి ఉంటుంది. ఇన్నాసి అని రాసి ఉన్న పిల్లవాడు పదో తరగతి మెమోలో ప్రశాంత్ అయి ఉంటాడు. రిజిస్టరు దొరకలేదనుకోండి, జ్ఞానతల్లో జ్ఞానతండ్రో బతికి ఉండి, నేను ఎత్తుకున్నాను, ఫాదర్ గారు నీళ్ళు పోశారు అని రాసి సంతకం పెడితే చాలు. ఎవరికీ నష్టం లేని పక్షంలో నమ్మదగిన ఒక్క సాక్షి మాట సరిపోతుందని 876వ కానన్ చెబుతుంది.

పసితనంలో మన చర్చిలో అయిందని తేలితే, అబ్బాయి కథోలికుడే. కృష్ణలో ముంచినది రెండో జ్ఞానస్నానం కాదు. ఒకసారి పడిన ముద్ర చెరగదు, రెండోసారి పడదు. ఈ మాట అన్నయ్యగారి ఇంట్లో మెత్తగా చెప్పండి, ఎందుకంటే అటువైపు వాళ్ళకు ఆ రోజు చాలా పెద్ద రోజు. అబ్బాయి పిల్లవాడుగా తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని వెళ్ళాడు, నేరం మోపవలసిన పనిలేదు. ఒకప్పుడు శ్రీసభను లాంఛనంగా వదిలి వెళ్ళినవాళ్ళకు పెళ్ళి పద్ధతి విషయంలో చిన్న వెసులుబాటు ఉండేది. 2009లో 16వ బెనెడిక్టు పోపుగారు దాన్ని తీసేశారు. కాబట్టి అతను వేరే సంఘంలో ఉన్నా కథోలిక పెళ్ళి పద్ధతికి బద్ధుడే. అబ్బాయి తానుగా తిరిగి రావాలనుకుంటే ఫాదర్ గారితో మాట్లాడి, మంచి పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేసి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అందకపోయి ఉంటే దానికి సిద్ధపడవచ్చు. రానంటే బలవంతం పెట్టకండి. పెళ్ళి కోసం రెండు వారాలు కథోలికుడై తర్వాత మానేసేవాడికంటే, నిజాయితీగా తన సంఘంలోనే ఉంటానని చెప్పేవాడితో పెళ్ళికి అనుమతి అడగడం మంచిది. ఆ అనుమతి మేత్రాణులు ఇవ్వాలి.

మన చర్చిలో కాలేదని తేలితే, కృష్ణలో ఇచ్చిన బాప్తిస్మమే లెక్క. అప్పుడు ఒకే ప్రశ్న: ముంచేటప్పుడు ఏ మాటలు అన్నారు? "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో" అని నీళ్ళలో ముంచి ఉంటే, ఇచ్చినది పాస్టరే అయినా శ్రీసభ దాన్ని నిజమైన జ్ఞానస్నానంగా ఒప్పుకుంటుంది. అలాంటి అబ్బాయితో పెళ్ళికి కావలసింది అనుమతి. కొన్ని సంఘాలు త్రిత్వాన్ని ఒప్పుకోక "యేసు నామంలో" అని మాత్రమే ఇస్తాయి. ఆ మాటలతో అయితే అది జ్ఞానస్నానం కాదు. అంటే చట్టం కళ్ళకు అబ్బాయి జ్ఞానస్నానం పొందనివాడు, 1086వ కానన్ కింద ఇంకో ఆటంకం ఉంది. దానికి అనుమతి చాలదు, మినహాయింపే కావాలి. అనుమతి లేకుండా చేసిన మొదటి రకం పెళ్ళి తప్పే అయినా చెల్లుతుంది, మినహాయింపు లేకుండా చేసిన రెండో రకం పెళ్ళి అసలు చెల్లదు. తేడా అంత పెద్దది. అందుకని "అన్నీ ఒకటేలెండి" అని దాటేయకుండా, పాస్టర్ గారి దగ్గర లెటర్‌హెడ్ మీద ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటలతో ఇచ్చారో రాయించుకోండి. ఈ రోజుల్లో బాప్తిస్మం ఎవరో ఒకరు ఫోన్లో తీసే ఉంటారు. ఆ వీడియో తెప్పించి గాలి హోరులో మాటలు వినపడేదాకా నాలుగుసార్లు వినండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఫాదర్ గారు జాగ్రత్త కోసం ఆ మినహాయింపు కూడా కలిపి అడుగుతారు. అది మామూలే.

అర్జీ ఒక్కసారే, అన్నీ కలిపి వెళ్ళాలి. రక్తసంబంధానికి మినహాయింపు అడిగి, అబ్బాయి సంఘం మాట మరిచిపోయి, పెళ్ళికి పది రోజుల ముందు మళ్ళీ పరుగెత్తే కుటుంబాలు ఉన్నాయి. ఒక విషయం గుర్తుంచుకోండి, కృష్ణ దాటితే మేత్రాసనం మారుతుంది. విజయవాడ మేత్రాసనం 1937లో, గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడ్డాయి, ఎవరి మేత్రాణులు వాళ్ళకున్నారు. కథోలిక పక్షం మీ అమ్మాయి కాబట్టి అర్జీ గుంటూరులో మీ విచారణ నుంచే వెళ్ళాలి. విజయవాడలో తెలిసిన ఫాదర్ గారు ఉన్నారని అక్కడ మొదలుపెట్టకండి. కాగితాలకు రెండు మూడు నెలలు చేతిలో ఉంచుకోండి. అమ్మాయి జ్ఞానస్నాన పత్రం ఆరు నెలల లోపు తీసుకున్నది కావాలి. బీరువాలో ఉన్న పాత పత్రం పనికిరాదు, ఎందుకంటే ఎవరికైనా పెళ్ళయితే ఆ సంగతి జ్ఞానస్నాన రిజిస్టరులో వాళ్ళ పేరు పక్కన రాస్తారు, కొత్త పత్రంలోనే అది కనపడుతుంది. రిజిస్టరులో పేరు, పదో తరగతి మెమోలో పేరు వేరైతే ఇప్పుడే చెప్పి రెండూ రాయించండి. పాస్‌పోర్టు కోసం పెళ్ళి పత్రం పట్టుకెళ్ళిన రోజున తెలిస్తే కష్టం. వివాహ పూర్వ శిక్షణకు ఇద్దరూ హాజరై పత్రం తెచ్చుకోవాలి. పెళ్ళి ప్రకటనలు ఆనవాయితీగా మూడు ఆదివారాలు పూజలో (మాస్‌లో) చదువుతారు.

ఈ అర్జీతో పాటు మీ అమ్మాయి ఒక మాట ఇచ్చి సంతకం పెట్టాలి: తన విశ్వాసాన్ని వదలననీ, పుట్టే పిల్లలందరికీ కథోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించి ఆ విశ్వాసంలోనే పెంచడానికి తన శక్తి ఉన్నంతవరకూ ప్రయత్నిస్తాననీ. అబ్బాయి సంతకం పెట్టనక్కర్లేదు, కానీ అమ్మాయి ఇలా మాట ఇచ్చిందని అతనికి తెలియాలి, తెలిసిందని నమోదు కావాలి. దయచేసి దీన్ని ఫారం నింపినట్టు నింపించకండి. అన్నయ్యగారి సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. మొదటి బిడ్డ పుట్టిన మూడో నెలలో ఈ గొడవ కచ్చితంగా వస్తుంది. జ్ఞానస్నానం పెట్టిద్దాం అని అమ్మాయి, వాడే పెద్దయ్యాక తేల్చుకుంటాడు అని అత్తగారు. ఈ మాట ఇప్పుడే, నిశ్చితార్థం కంటే ముందే, అన్నయ్యా వదినా ఎదురుగా కూర్చున్నప్పుడు పైకి అనేయండి. ఇళ్ళు విరిగేది ఎక్కువగా ముందు అనని మాటల వల్లే.

ఇక స్టేజీ మీద ఫాదర్ గారూ పాస్టర్ గారూ. 1127వ కానన్ దీన్ని సూటిగా వద్దంటుంది. ఇద్దరూ కలిసి నిలబడి, ఎవరి పద్ధతిలో వాళ్ళు వధూవరుల సమ్మతి అడగకూడదు. పొద్దున చర్చిలో అయిన పెళ్ళిని సాయంత్రం ప్రార్థన మందిరంలో మళ్ళీ చేయకూడదు, ముందురోజు కూడా చేయకూడదు. కారణం మొండితనం కాదు. సమ్మతి ఒక్కసారి ఇచ్చేది. రెండోసారి అడిగితే మొదటిది ఉత్తదని ఒప్పుకున్నట్టే. పాస్టర్ గారిని అవమానించవలసిన పని కూడా లేదు. ఆయన్ని గౌరవంగా పిలిచి, ఫాదర్ గారి అంగీకారంతో ఒక ప్రార్థనో, వాక్య పఠనమో, ఆశీర్వాదమో చేయించవచ్చు. చాలా కుటుంబాలు దీనితో తృప్తి పడతాయి, ముందే చెబితే. అబ్బాయి కథోలిక సహవాసంలోకి రాకపోతే మీ పెళ్ళి మామూలుగా పూజ లేకుండా, వాక్య ప్రార్థనతో జరుగుతుంది. ఆహూతుల్లో సగంమంది సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోలేని చోట, వధువు ఒక్కతే తీసుకుని వరుడు పక్కన చేతులు కట్టుకుని నిలబడటం కంటే అదే మర్యాద. పెళ్ళికి విలువ తగ్గదు. అబ్బాయి జ్ఞానస్నానం నిజమైనదైతే అది సంస్కారమే.

స్థలం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఇద్దరూ కథోలికులైనా, ఒకరు కథోలికులు ఇంకొకరు జ్ఞానస్నానం పొందిన వేరే సంఘం వాళ్ళైనా, పెళ్ళి విచారణ చర్చిలో జరగాలి. వేరే చర్చిలో చేసుకోవాలంటే మీ విచారణకర్తల అనుమతి చాలు. గుణదల మాత దగ్గర చేసుకోవాలన్నా ఇదే దారి. చర్చి కాని చోట అయితే మేత్రాణుల అనుమతి కావాలి. జ్ఞానస్నానం లేనివారితో పెళ్ళికి మాత్రం చర్చి గానీ తగిన ఇంకో చోటు గానీ అని చట్టమే అంటుంది. మన దగ్గర హాలు గొడవ ఎందుకు వస్తుందో అందరికీ తెలుసు. చర్చిలో మూడు వందలమంది పడతారు, పిలిచింది పదిహేను వందలమందిని. పొద్దున తొమ్మిదింటికి చర్చిలో దగ్గరవాళ్ళ మధ్య పెళ్ళి, పదకొండున్నరకు హాల్లో భోజనాలు, ఆశీర్వాదాలు. ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. హాలు డబ్బులు కూడా వృథా కావు.

పెళ్ళికి ముందు ఫాదర్ గారు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. మీరు పక్కన కూర్చుంటామని పట్టుబట్టకండి. ఎవరైనా బలవంతం చేశారా, ఇదివరకు ఎక్కడైనా పెళ్ళి అయిందా, జీవితాంతం అని నిజంగా అనుకుంటున్నారా, పిల్లలను వద్దనుకుంటున్నారా అన్నవి అందులో ఉంటాయి. మేనరికాల్లో మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. "అమ్మమ్మ మంచంలో ఉండి మాట తీసుకుంది" అని ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఉన్నాయి. అది సమ్మతి కాదు. చివరి ప్రశ్న ఈ కాలానికి ముఖ్యం. ఉద్యోగాలు, అమెరికా వీసా, ఇంటి అప్పు, ఇవి తేలేదాకా రెండేళ్ళు ఆగుదాం అనుకోవడం వేరు, పిల్లలే వద్దు అని ఒట్టు పెట్టుకోవడం వేరు. రెండోది మనసులో దాచుకుని చర్చిలో సరే అంటే ఆ సమ్మతికి లోటు వస్తుంది, పెళ్ళే చెల్లకపోవచ్చు. మొదటిదాంట్లో కూడా శ్రీసభ 1968లో ఆరవ పౌలు పోపుగారి లేఖలో చెప్పినదాన్ని వదులుకోలేదు: మందులు, పరికరాలు కాదు, స్త్రీ దేహంలో సహజంగా ఉండే రోజుల లెక్కను చూసుకోవడం. అది నేర్పేవాళ్ళు ఉన్నారు, శిక్షణలోనే అడిగి తెలుసుకోమనండి. మూడు నెలల ముందు నేర్చుకుంటేనే లెక్క చేతికి వస్తుంది.

చర్చిలో ఆ రోజు జరిగేదాన్ని కూడా దగ్గరగా చెబుతాను, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే కెమెరా చుట్టూ జరుగుతాయి. ముందు మూడు ప్రశ్నలు, తర్వాత ఇద్దరూ కుడిచేతులు కలిపి ఒకరి తర్వాత ఒకరు సమ్మతి మాటలు చెబుతారు. ఫాదర్ గారు దాన్ని స్వీకరించే మాట అనగానే పెళ్ళి అయిపోయింది. ఉంగరాలు, పుస్తె ఆ తర్వాత ఆశీర్వదిస్తారు. మనవాళ్ళంతా సమ్మతి మాటలప్పుడు చీరలు సర్దుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, పుస్తె చేతిలోకి తీసుకోగానే లేచి నిలబడి పూలు చల్లుతారు. ఫొటోగ్రాఫర్ కూడా అప్పుడే ముందుకు దూకి, ఫాదర్ గారికీ జంటకూ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, ముడి సగంలో ఉండగా "బ్రదర్, అలాగే పట్టుకోండి, మేడమ్ కాస్త తల వంచండి, మళ్ళీ ఒకసారి" అంటాడు. ముందురోజే అతన్ని చర్చికి పిలిపించి చోటు చూపించండి. పీఠం మెట్లు ఎక్కకూడదు, లైటు స్టాండు పక్క స్తంభం దాటకూడదు, లోపల డ్రోను వద్దు, ఎవరినీ ఏదీ మళ్ళీ చేయమని అడగకూడదు. సమ్మతి మాటలకు జంట దగ్గర మైకు ఉందో లేదో మీరే చూసుకోండి. వినపడని సమ్మతికి ఇద్దరు సాక్షులు ఎలా సంతకం పెడతారు?

మన పుస్తె మీద సిలువ ఉండటం వెనక పెద్ద కథే ఉంది. 1703లో పోపు ప్రతినిధిగా పాండిచ్చేరి వచ్చిన టుర్నోన్, మరుసటి ఏడు వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కథోలిక స్త్రీలు వేసుకోకూడదనీ, దాని బదులు సిలువో మరియమాత స్వరూపమో ఉన్నది వాడవచ్చనీ ఉత్తర్వు ఇచ్చారు. తాళిని తీసేయలేదు, దాని మీది బొమ్మ మార్చారు. ఈ గీత ఎక్కడ గీయాలో మీకు మిగతావాటిలో కూడా ఇదే దారి చూపిస్తుంది. పెళ్ళికూతురిని చేయడం, నలుగు, పసుపు, గాజులు, మామిడి తోరణం, కొబ్బరిబొండం, అప్పగింతలు, ఇవన్నీ మన ఊరి మర్యాదలు, హాయిగా చేసుకోండి. మంత్రాలు చదివి వేరే దేవతలను పిలిచేది ఏదైనా, బంధువుల సంతోషం కోసమే అయినా, వద్దు. పంచాంగం చూపించి పెట్టించుకున్న ముహూర్తం కూడా ఇందులోకే వస్తుంది. జాతకాలు, ముహూర్తాలు నమ్మడం మొదటి ఆజ్ఞకు విరుద్ధమని శ్రీసభ సత్యోపదేశం తేటగా చెబుతుంది. నలుగురితో పాటు పెట్టుకున్నాం అనే కథోలిక కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఈ మాట నొప్పిగా ఉన్నా చెప్పక తప్పదు.

తేదీకి వద్దాం. 2027లో తపస్సు కాలం (లెంట్) మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 10. అది గుణదల తిరునాళ్ళ మూడు రోజుల్లో, 9, 10, 11 తేదీల మధ్యరోజునే పడింది. ఈస్టరు మార్చి 28. మీ మార్చి 5 తపస్సు కాలంలో, అదీ శుక్రవారం. తపస్సు కాలంలో పెళ్ళి చెల్లదని కాదు. పవిత్ర శుక్రవారం, పవిత్ర శనివారం తప్ప మిగతా రోజుల్లో విచారణకర్తలు ఒప్పుకుంటే జరగవచ్చు. కానీ పీఠం మీద పువ్వులు లేని, మహిమ గీతం పాడని కాలం అది. శుక్రవారం మాంసం మానేసే రోజున పదిహేను వందలమందికి మటన్ బిర్యానీ పెట్టి, బ్యాండు వాయించి ఊరేగిస్తే, చూసే పిల్లలకు మనం నేర్పేదేమిటి? ఈస్టరు తర్వాతకు జరపండి. అక్కడ కూడా ఒక చిన్న చిక్కు ఉంది. మరియమాతకు దేవదూత శుభవార్త చెప్పిన మంగళవార్త పండుగ మార్చి 25 ఈసారి పవిత్ర గురువారం నాడే పడింది కాబట్టి అది ఏప్రిల్ 5 సోమవారానికి జరుగుతుంది. ఈస్టరు ఎనిమిది రోజుల్లోనూ, ఆ సోమవారమూ పెళ్ళి పూజ ప్రార్థనలు వాడరు, ఆనాటి పూజే చెయ్యాలి. అబ్బాయి తిరిగి వచ్చి పూజతో పెళ్ళి చేసుకుంటే ఏప్రిల్ 6 మంగళవారం నుంచి, ఆదివారాలూ మహా పండుగలూ తప్ప, మీకు ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదురుతాయి, అందుకే పొద్దున్నే పెట్టుకోండి. ఎటూ క్రైస్తవ వివాహ చట్టం 1872 ప్రకారం మామూలుగా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే పెళ్ళి జరగాలి.

"ముందు ప్రార్థన మందిరంలో కానిచ్చేద్దాం, తర్వాత చర్చి సంగతి చూద్దాం" అని అటువైపు ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మినహాయింపులు లేకుండా, గురువు ఎదుట కాకుండా చేసుకుంటే మీ అమ్మాయి విషయంలో ఆ పెళ్ళి చెల్లదు, అలా ఉన్నన్నాళ్ళూ ఆమె సత్ప్రసాదం తీసుకోకూడదు. ఇది చదివేవాళ్ళలో ఇప్పటికే అలా జరిగిపోయినవాళ్ళు ఉంటే తలుపు మూసుకుపోలేదు. ఆటంకాలకు మినహాయింపు తెప్పించుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట గురువు దగ్గర కొత్తగా సమ్మతి ఇస్తే సరిపోతుంది. దానికి హాలూ బంధువులూ అక్కర్లేదు. అవతలి వ్యక్తి చర్చికి రానంటే, పాత సమ్మతి ఇద్దరిలోనూ నిలిచి ఉన్నప్పుడు, దాన్నే మూలం నుంచి సరిచేసే అధికారం మేత్రాణులకు ఉంది. విచారణకర్తలను అడగండి. హిందూ అబ్బాయినో అమ్మాయినో గుళ్ళో పెళ్ళాడి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించినవాళ్ళు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఒక రోమన్ కథోలిక యువకుడూ హిందూ యువతీ 1996లో అలా చేసుకున్న పెళ్ళి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఎందుకంటే ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది.

హాలు మేనేజరుకు ఫోన్ చేసి, అడ్వాన్సు అలాగే ఉంచి తేదీ మార్చడానికి ఎంతవరకు గడువిస్తారో అడగండి. కానీ కొత్త తేదీ మాత్రం ఇప్పుడే చెప్పకండి. ముందు పైన చెప్పిన బంధుత్వం కాగితం గీసుకుని, పాస్టర్ గారి లెటరూ అమ్మాయి పత్రమూ పట్టుకుని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఫాదర్ గారిని కలవండి. ఆదివారం పూజ అవ్వగానే అందరూ చుట్టుముట్టి ఉంటారు, మామూలు రోజు సాయంత్రం ముందుగా చెప్పి వెళ్ళండి. ఆయన క్యాలెండరులో తేదీ రాసుకున్నాక హాలుకు చెప్పండి.